పడుగు అయిపోలేదు

సంస్కృతి సంఘం సభ్యులారా, ఆ మగ్గాన్ని గది నుంచి గెంటాలని చూసింది మీరే. నెపం గోడ చెమ్మ మీదికి నెట్టకండి, కాలం మారిందని సన్నాయి నొక్కులు నొక్కకండి. బల్ల ఖాళీగా కనబడింది, కాబట్టి గది ఎవరికీ అక్కర్లేదు అని తేల్చేశారు. ఆ బల్ల మీద కూర్చోవలసింది ఎవరు, ఆమె ఎందుకు కూర్చోలేదు అని మీలో ఒక్కరైనా అడిగారా? అడిగి ఉంటే గుడ్రున్ పేరు వినేవాళ్లు. అడగలేదు గనక ఇప్పుడు చదవండి.

యూస్నాన్ నది ఒడ్డున, పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి కింది గదిలో ఉంటుంది ఆ మగ్గం. మనిషి ఎత్తును మించిన చట్రం, గదిలో సగం అదే. ఊళ్లో ఆడవాళ్లు కొందరు కలిసి దాని మీద పొడవాటి నిలువు పోగుల పడుగు ఒకటి ఎక్కిస్తారు. ఆ ఒక్క పడుగు మీదే వరసగా ఒకరి తర్వాత ఒకరు ఎవరి పేలిక తివాచీ వాళ్లు నేసుకుంటారు. పాత చొక్కాలూ దుప్పట్లూ చింపి పేలికలు తీస్తారు, అవే పేక. నేసింది నేసినట్టు కింద దుంగకు చుట్టుకుపోతుంది. అందరివీ అయ్యేదాకా ఎవరిదీ చేతికి రాదు. ఆఖరామె నేసిన రోజున అందరూ చేరి, కాఫీ కాచుకుని, కత్తెర పట్టుకుని, కోసుకుని పట్టుకుపోతారు.

ఈ చలికాలం పడుగులో ఇద్దరు మిగిలారు. గుడ్రున్, ఆమె తర్వాత హీబో. వరస గుడ్రున్ దగ్గర ఆగిపోయింది.

గుడ్రున్ బతుకంతా ఆసుపత్రి బట్టలుతికే చోట పనిచేసింది. చిరిగిన దుప్పట్లు పారేసేవాళ్లు, ఈమె తెచ్చుకునేది. తెల్లవి కొన్ని, నీలం అంచువి కొన్ని. తెలుపు అయిపోతే నీలం వేసేది, నీలం అయిపోతే తెలుపు. ఏ రంగు పక్కన ఏ రంగు అని ఆమె ఒక్కనాడూ తల బద్దలు కొట్టుకోలేదు. దుప్పటి ఏది చిరిగితే తివాచీ అదే అయ్యేది. ఆ ఉతికే పనిని ఇప్పుడు దక్షిణాన ఎక్కడో ఒక కంపెనీకి ఇచ్చేశారు. బట్టలు లారీలో వెళ్తాయి, లారీలో వస్తాయి. చిరిగినవి అటే పోతాయి. గుడ్రున్‌కు చేతిలో పేలిక లేదు. తలలోనూ ఏమీ లేదు. తలలో ఏదో ఉండాలని ఎవరూ ఆమెకు నేర్పలేదు.

మొదట్లో వచ్చి కూర్చునేది. నేతగాళ్లు చేసేదే చేసింది. అట్టముక్క తీసుకుని, దాని చుట్టూ రంగు రంగుల నూలు చారలుగా చుట్టి, ఎలా ఉందో చూసుకునేది. నచ్చక విప్పేసేది. మళ్లీ చుట్టేది, మళ్లీ విప్పేది. చివరికి అట్ట అంచులు నలిగిపోయాయి. తర్వాత రావడం మానేసింది.

ఎవరూ ఏమీ అనలేదు. ఇది మా వైపు జబ్బు. వరసలో ఒకరు నిలబడితే వాళ్లను దాటి వెళ్లం, తొందర పెట్టం, కనీసం దగ్గం. చాటున మాత్రం కుతకుత ఉడుకుతాం. మగ్గం గది పెద్ద బర్బ్రో. ఎనభై దాటినా చీపురుకట్టలా నిటారుగా ఉంటుంది. ఆమె తివాచీ అప్పటికే కింద దుంగకు చుట్టి ఉంది, అది మనవరాలి కొత్త ఇంటికి. ఆ బర్బ్రో ఒకనాడు కిరాణా కొట్టులో గుడ్రున్‌కు ఎదురుపడింది.

"మంచు కరుగుతోంది," అంది బర్బ్రో.

"అవును, కరుగుతోంది," అంది గుడ్రున్.

"జారుడుగా ఉంది."

"ఉంది మరి."

అంతే. ఇద్దరూ పాలడబ్బాలు తీసుకుని చెరో దారినా పోయారు. ఊరంతా ఇలాగే మర్యాదగా మగ్గాన్ని ఎండబెట్టింది.

ఆ రోజుల్లోనే కాయ్‌సా వచ్చింది. పురపాలక సంఘంలో సంస్కృతి పనులు చూసే పిల్ల. చెడ్డది కాదు, చెప్పిన పని చేసేది. వచ్చినప్పుడల్లా బల్ల ఖాళీగా ఉంది. బర్బ్రోను అడిగింది.

"ఒక పడుగు అయ్యాక మీరేం చేస్తారు?"

ఇక చూడండి బర్బ్రో గొప్పలు. "ఏం చేస్తామా? మిగిలిన పోగుల కొసలు పీకేసి, మగ్గం మొత్తం బోసిగా చేసి, తుడిచి, నూనె రాసి, ఆరబెడతాం. తర్వాతే కొత్తది ఎక్కించడం. పక్క ఊరివాళ్లలా దుమ్ము మీద దుమ్ము వేసుకోం. మా దగ్గర పద్ధతి అంటే పద్ధతే."

కాయ్‌సా అది పైవాళ్లకు చెప్పింది. కొద్ది రోజుల్లో తలుపు మీద నోటీసు. వాడుకలో లేని మగ్గాన్ని గానీ, బోసిగా ఉన్న మగ్గాన్ని గానీ ఈస్టర్ తర్వాత గోదాముకు తరలిస్తారు, గదిని సమావేశాలకు వాడుకుంటారు. గోడలో చెమ్మ ఉందో లేదో చూడటానికి మనుషులొచ్చి మగ్గం పక్క గోడకు చదరంగా కన్నం కూడా కోసిపోయారు.

మా ఊళ్లో చిన్నా పెద్దా అందరూ ఒకరినొకరు నువ్వనే అంటారు. సమానత్వం అంతా ఆ పిలుపులో ఖర్చయిపోయింది, నిర్ణయాలకు మిగల్లేదు.

ఈ నోటీసు సంగతి గుడ్రున్‌కు తెలియదు. సిగ్గుతో ఆ వీధి వైపే పోవడం మానేసింది కదా. చెప్పింది హీబో. హీబో చిన్నప్పుడే సోమాలియా నుంచి వచ్చి ఇక్కడే పెరిగింది, ఊరి బస్సు నడుపుతుంది. ఒక పొద్దున గుడ్రున్ బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది. హీబో అద్దంలోంచి చూసింది.

"ఏం గుడ్రున్, బతికే ఉన్నావా?"

"ఉన్నాలే."

"మగ్గం బతకదు మరి. ఈస్టర్ తర్వాత ఎత్తుకుపోతారట."

"ఎవరు?"

"ఎవరేంటి, వాళ్లే. ఎవరూ నేయట్లేదు, వాడుకలో లేదు అంటున్నారు." దారి మీంచి చూపు తిప్పకుండానే అంది. "నీ కోసమే ఆగింది. ఇక్కడ ఎవరూ నీకు చెప్పరు, నేను చెప్తున్నా. నేను బస్సు నడుపుతాను తల్లీ. ఎర్ర దీపం దగ్గర ఆగుతాను గానీ, పండగ దాకా అక్కడే కాపురం పెట్టను."

వెనక సీట్లో ఎవరో గొంతు సవరించుకున్నారు. గుడ్రున్ చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వే నేసుకో నా బదులు. నా వరస వదిలేస్తా."

"వదిలేస్తే నేను నేస్తా, ముగిస్తా. అప్పుడు మగ్గం బోసి. బోసిదైనా తీసుకుపోతారు, అది కూడా రాశారు. నేయకపోతే ఒక ఉరి, నేస్తే ఇంకో ఉరి." బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది. "నువ్వు ముందు ఏదో ఒకటి నెయ్యి. చెత్త రంగులైనా సరే. బల్ల మీద మనిషి కనబడాలి."

గుడ్రున్ దిగవలసిన చోటు అది కాదు. అయినా దిగేసింది. దిగిన చోట లైబ్రరీ ఉంది, లోపల కొత్తగా పెట్టిన ప్రేరణ గది ఉంది. నోటీసు పెట్టినవాళ్లదే ఆ గదీను. ఇదేదో చూద్దామని వెళ్లింది.

తెల్లటి బల్లలు, తెల్లటి కుర్చీలు. గోడకు పెద్ద తెరలు, వాటి మీద చేతిపనుల బొమ్మలు జారిపోతున్నాయి. అల్లికలు, కాగితం నక్షత్రాలు, కుట్టుపని. బల్ల మీద అట్టపెట్టెల్లో ముందే కత్తిరించిన కాగితం ముక్కలు, ఉన్నిగుడ్డ ముక్కలు. గీత మీద గీత పెట్టి అంటిస్తే కోడిపెట్ట. తప్పు చేయడానికి సందు లేదు, అందుకే చేయడానికీ ఏమీ లేదు. గదిలో ఒక్క దారపు పోగు రాలలేదు. దారం రాలని చోట పని జరగడం లేదని గుడ్రున్‌కు తెలుసు.

కాయ్‌సా ఎదురొచ్చింది. "గుడ్రున్! ఎంత బావుంది నువ్వు రావడం! కూర్చో. ఏం చేయాలనుకుంటున్నావ్?"

"తివాచీ. రంగులు తోచట్లేదు."

"అయ్యో, దానికేముంది, ఇక్కడ వేలకొద్దీ ఉన్నాయి." తెర మీద వేలు జార్చింది. చారలు, గళ్లు, చారలు. గుడ్రున్ చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. అన్నీ ఎవరో చేసేసినవి. చూసే కొద్దీ చేతులు బరువెక్కాయి.

"ఇదిగో, ఇలాంటిది చూడు," అంది కాయ్‌సా. "ఎంత నిరాడంబరంగా ఉందో. తెలుపూ నీలం."

"ఇది నాది."

"నీకు నచ్చిందా?"

"నాది అంటున్నా. నేను నేసింది. నువ్వే ఫోటో తీశావు, కోతకాలంలో వచ్చి."

కాయ్‌సా తెర దగ్గరగా వంగి చూసింది. కింద 'మన ప్రాంతపు వారసత్వం' అని ఉంది. పేరు లేదు. "అవునా! అయితే నువ్వే మాకు ప్రేరణ!"

"మరి నన్నెందుకు గెంటుతున్నారు?"

కాయ్‌సా మొహం పాలిపోయింది. అది తన చేతిలో లేదని, పైన నిర్ణయించారని, తనకూ బాధగానే ఉందని చెప్పింది. నిజమే చెప్పింది పాపం. గుడ్రున్‌కు ఆ పిల్ల మీద కోపం రాలేదు. పెట్టె ఒకటి చేతిలో పెట్టబోతే వద్దని లేచి వచ్చేసింది.

నేరుగా మగ్గం గదికి వెళ్లింది. ఎన్నాళ్లకో తలుపు తీస్తే చల్లటి గాలి, నూలు వాసన. బల్ల మీద కూర్చుంది. ముందు పడుగు బిగుతుగా, ఖాళీగా. ఆమెకు ఏమీ తోచలేదు. మళ్లీ పాత కథే అనుకుని తల పక్కకు తిప్పింది. గోడకు కోసిన కన్నం కంటి ఎదురుగానే ఉంది.

కన్నం అంచు చూసింది. లేచి దగ్గరికెళ్లి చూసింది. అంచంతా కాగితం పొరలు. పైన పురపాలక సంఘం పూసిన తెల్ల రంగు. దాని కింద ముదురు నారింజ పూల కాగితం, గదిలో పిల్లల బడి నడిపిన రోజులది. దాని కింద లేత నీలం గీతలు. దాని కింద ఆకుపచ్చ, సన్నటి రెమ్మలది. టెలిఫోన్ కలిపే అమ్మాయిలు తలకు తీగలు తగిలించుకుని ఇక్కడే కూర్చునేవారట, వాళ్ల కాలం నాటిది. అన్నిటికన్నా అడుగున, కలప దుంగల గోడకు అంటించిన పాత వార్తాపత్రిక, బూడిద రంగు మీద నల్ల చుక్కల్లా అక్షరాలు. ఎవరూ పాతది పీకలేదు. వచ్చిన ప్రతివాళ్లూ ఉన్నదాని మీదే తమది అంటించుకుని పోయారు.

గుడ్రున్ వేలి గోటితో అంచు ఎత్తింది. పొరలు ఉల్లిపాయలా విడివడ్డాయి. ఒక్కోదాన్నుంచి సన్నటి ముక్క చింపి, నలిగిన అట్ట మీద గోడలో ఉన్న వరసలోనే పెట్టుకుంది. తెలుపు సన్నం. నారింజ మందం. నీలం దానికన్నా సన్నం. పచ్చ. బూడిద రంగు అన్నిటికన్నా వెడల్పు, ఎందుకంటే పత్రిక కాగితం నాలుగైదు పొరలు వేశారు. ఆమె పెట్టిన వరస కాదది, కొలతలూ ఆమెవి కావు. దుప్పట్ల దగ్గరా అంతే కదా. గోడ ఏది ఇస్తే అది.

బర్బ్రో అప్పుడే లోపలికొచ్చింది, చేతిలో తుడిచే గుడ్డ. గోడ దగ్గర గుడ్రున్‌ను చూసి ఆగింది.

"ఏం చేస్తున్నావే?"

"రంగులు దొరికాయి."

బర్బ్రో అట్టను చూసింది, గోడను చూసింది. "ఆ పచ్చ కాగితంలో పూర్వం విషం కలిపేవాళ్లట. వేళ్లు నాకకు."

"నాకనులే. నీ దగ్గర పచ్చ పేలికలున్నాయా?"

"మా ఆయన వేట చొక్కా ఉంది. ఆయన లేడు, ఏనుగు వయసున్న చొక్కా మాత్రం ఉంది. తెస్తా." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఎన్ని వారాలు పట్టించావే మహాతల్లీ."

"చెప్పి ఉండొచ్చుగా."

"నీ వరస. నేనెలా చెప్తాను?"

నారింజ రంగు హీబో ఇచ్చింది, బస్సు డ్రైవర్ల పాత కోట్లు. బూడిద రంగుకు ఊళ్లో ఎవరి ఇంట్లో చూసినా పాత ప్యాంట్లే, తెలుపుకూ నీలానికీ పాత దుప్పట్లే. పేలికలు చింపే చప్పుడు గదిలో మళ్లీ మొదలైంది. గుడ్రున్ నేయడం మొదలుపెట్టాక ఆగలేదు. పేలిక చుట్టిన నాడె వేయడం, తొక్కడం, కొట్టడం. కొట్టినప్పుడల్లా మగ్గం కింద నేల అదిరేది. కాయ్‌సా ఒకసారి తొంగిచూసి, బల్ల మీద మనిషిని చూసి వెళ్లిపోయింది. ఒక ఉరి తప్పింది.

రెండోది మిగిలింది. గుడ్రున్ తనది ముగించి, హీబో బల్లెక్కిన రోజున బర్బ్రోతో అంది.

"కోసిన రోజున కొసలు పీకొద్దు."

"ఏం?"

"ఆ గోడ చూడు. ఎవరైనా పాతది పీకారా? కొసలు మగ్గంలోనే ఉండనీ. వాటికే కొత్త పడుగు ఒక్కో పోగూ ముడేద్దాం. మగ్గం బోసిదే కాదు అప్పుడు."

బర్బ్రో చేతిలోని తుడిచే గుడ్డ పక్కన పడేసింది. "ముడులా? నా మగ్గం మీద ముడులా?"

"లోకమంతా వేస్తారు."

"లోకం వేసుకోనీ. నేను ఈ మగ్గం చూస్తున్నప్పటినుంచి ప్రతి పడుగుకూ కడిగిన పళ్లెంలా ఉంచాను. పక్క ఊరివాళ్లు చూస్తే ఏమంటారు? బర్బ్రోకు ఓపిక పోయింది, అతుకులేసుకుంటోంది అంటారు."

హీబో నేత ఆపింది. "మగ్గం గోదాములో ఉంటే ఏమంటారు? శుభ్రంగా ఉంది అంటారా?"

"నువ్వు నెయ్యి, నీకెందుకు," అంది బర్బ్రో. కోటు తొడుక్కుని వెళ్లిపోయింది. తర్వాత కొన్నాళ్లు గదికే రాలేదు. గుడ్రున్‌కు భయం పట్టుకుంది. పడుగు చుట్టే చట్రం బర్బ్రో ఇంట్లో ఉంది. అంత పొడుగు నూలు కలవకుండా చుట్టగల చెయ్యీ ఆమెదే. ఆమె లేకపోతే ముడివేయడానికి కొసలుంటాయి, కొత్త పడుగు ఉండదు. గుడ్రున్ ఆమె ఇంటి తలుపు తట్టబోయి, రెండుసార్లు వాకిట్లోంచే తిరిగొచ్చింది. ఈ ఊరి జబ్బు ఆమెకూ ఉందిగా.

కోసే రోజు వచ్చింది. ఈస్టర్ వెళ్లిన శనివారం. అందరూ చేరారు. కాఫీ కాగుతోంది, ఎవరో క్రీము నింపిన బన్నులు తెచ్చారు, ఈస్టర్ ముందు తినే ఆ బన్నుల కాలం దాటినా సరే. కాయ్‌సా కూడా వచ్చింది, వెనక ఇద్దరు మనుషులు, బయట వ్యాను. గోదాముకు తరలించడానికి తాడూ దుప్పట్లూ అన్నీ సిద్ధం.

"ఇవాళ ముగుస్తుందని విన్నా. అందరికీ అభినందనలు," అంది కాయ్‌సా. బన్ను ఒకటి తీసుకుంది గానీ కొరకలేదు.

బర్బ్రో ఇంకా రాలేదు.

హీబో కత్తెర అందుకుంది. పోగులు ఒక్కొక్కటే తెగాయి. బట్ట కింద పడింది, తెగిన కొసలు మగ్గంలోనే వేలాడాయి. విప్పుతూ పోతే ఒక్కో తివాచీ బయటపడింది. తమది కనబడగానే ఒక్కొక్కరూ చిన్నపిల్లల్లా అరిచారు. గుడ్రున్‌ది విప్పినప్పుడు అరుపు లేదు. అందరూ తివాచీని చూశారు, గోడ కన్నాన్ని చూశారు, మళ్లీ తివాచీని చూశారు. వ్యాను మనుషుల్లో ఒకడు కన్నం దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూశాడు. "ఒరేయ్, అదే వరస," అన్నాడు రెండోవాడితో.

కాయ్‌సా గడియారం చూసుకుంది. "మరి... మగ్గం ఖాళీ అయినట్టేనా?"

తలుపు తెరుచుకుంది. బర్బ్రో. భుజాన గోనెసంచి. లోపలికొచ్చి, ఎవరినీ పలకరించకుండా, సంచి బల్ల మీద బోర్లించింది. పెద్ద జడలా అల్లిన కొత్త పడుగు, దొర్లి మగ్గం ముందు పడింది.

"ఎక్కడ ఖాళీ?" అంది బర్బ్రో. "కొసలు కనబడట్లేదా? గుడ్రున్, వెనక్కెళ్లి కూర్చో. హీబో, నువ్వు పోగులు అందించు. ముడి పెద్దగా వేశారో, ఇద్దరి వేళ్లూ విరిచేస్తా."

"కానీ నువ్వే చెప్పావు కదా, ప్రతిసారీ బోసిగా చేస్తామని," అంది కాయ్‌సా.

"చెప్పా. ఇప్పుడు చేయం. పద్ధతి మార్చుకున్నాం."

"ఈ పడుగు అయ్యాక?"

"అయ్యాక దాని కొసలకు ఇంకోటి," అంది గుడ్రున్. అప్పటికే మొదటి ముడి వేసింది. "ఆ తర్వాత ఇంకోటి. కాఫీ తాగు, చల్లారిపోతోంది."

కాయ్‌సా బయటికెళ్లి ఫోను చేసింది. చాలాసేపు మాట్లాడింది, చివర్లో గొంతు పెరిగింది కూడా. లోపలికొచ్చి, నోటీసు ప్రకారం ఇవాళ ఏమీ తరలించలేమని, పైవాళ్లు కోపంగా ఉన్నారని, నోటీసులో మాటలు మార్చే సంగతి గురువారం సంఘంలో పెడతారని చెప్పింది. వ్యాను మనుషులు తలా ఒక బన్ను పట్టుకుని వెళ్లిపోయారు. ఆడవాళ్లు పోగు తర్వాత పోగు ముడేస్తూ కూర్చున్నారు.

కాబట్టి సంఘం సభ్యులారా, గురువారం మీరు కూర్చోబోయేది నోటీసును ఇంకా గట్టిగా రాయడానికి అని మాకు తెలుసు. రాయకండి. చింపేయండి. కోసిన గోడను మీ ఖర్చుతో పూడ్చండి. ఆ గదిని నేసేవాళ్ల పేర రాసివ్వండి, వాడుక ఉందో లేదో తేల్చే హక్కు వాళ్లకే వదిలేయండి. ఇవన్నీ ఆ ఒక్క సమావేశంలోనే తీర్మానించండి, వచ్చే నెలకు వాయిదా అంటే ఒప్పుకోం. ముందు రోజు మగ్గం గదికి రండి, అందరూ రండి. ఇంకా ముడివేయని పోగులు చాలా ఉన్నాయి. కూర్చుని ముడివేయండి.